ఎన్నిసార్లు మెరిసింది

ఆయన పోయాడన్న కబురు నాకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎవరో ఎవరికో పంపితే వాళ్ళు ఇటు తోసిన రెండు ముక్కలు. కింద వరసగా దండం బొమ్మలు. ఎప్పుడు పోయాడు, ఎట్లా పోయాడు, ఎవరు చెప్పారు అని ఒక్కరూ అడగలేదు. నాకు దుఃఖం కన్నా ముందు అనుమానం వచ్చింది. అదే గ్రూపులో ఒకసారి బతికున్న మనిషికి నివాళులర్పిస్తే, సాయంత్రానికి ఆ మనిషే వచ్చి అందరికీ థ్యాంక్స్ చెప్పాడు. పైగా ఈయన సంగతి వేరు. ఈయన చావును విచారించకుండా నమ్మడమంటే ఈయనను అవమానించడమే.

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఉప్పుగూడలో మా ఇంటినుంచి మాదన్నపేటకు నడిచే వెళ్ళాను. ఆటో ఎక్కితే తొందరగా తెలిసిపోతుందని భయం కాబోలు. వాళ్ళ సందు మొదట్లో టెంట్ హౌస్ వాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి బండికెత్తుతున్నారు. గోడకు ఆనించిన షామియానా గుంజలు చూశాక ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ముందురోజే సమాధి చేసి వచ్చారట.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుంటే, నా పేరు నీకెందుకు, ఎక్కడ వాడతావు, వాడాక మళ్ళీ ఎక్కడ పెడతావు అని అడిగేవాడు. ఆ అడగడంలో న్యాయముందని ఇప్పుడు నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆఫీసులో అందరం బాపు అనేవాళ్ళం.

టెలిఫోన్ల డిపార్ట్‌మెంటులో కేబుళ్ళు అతికే జాయింటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోలేక మా సారు దగ్గర చేరాడు. మా సారంటే సబ్ కాంట్రాక్టరు. ఊళ్ళకు స్పీడు ఇంటర్నెట్ తీసుకెళ్ళే పనిని ఒక పెద్ద కంపెనీ తీసుకుంటే, దాని కింద ఇంకొకరు, ఆ ఇంకొకరి కింద మా సారు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్కన, ఒక కుట్టుమిషన్ల షాపు పైన రెండు గదులే మా ఆఫీసు. అందులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని నేను.

నా పని చెప్పడానికి తేలిక. మండలం నుంచి ఊరి పంచాయతీ ఆఫీసు దాకా తీగ వేస్తారు. చివర ఒక పెట్టె బిగిస్తారు. పెట్టెలో పచ్చ లైటు వెలిగితే ఫోటో తీస్తారు. ఆ ఫోటో, పంచాయతీ ముద్ర, జాయింటర్ సంతకం, మూడూ ఉన్న కాగితాన్ని నేను ఎక్కిస్తాను. ఎక్కించగానే తెరమీది మ్యాపులో పసుపు రంగులో ఉన్న ఊరు పచ్చగా మారుతుంది. పచ్చబడిన ఊరికి ఇక ఎవరూ వెళ్ళరు. చేయవలసిన ఊళ్ళ జాబితాలోంచి దాని పేరు పోతుంది. పాతబస్తీలో పుట్టి పెరిగినదాన్ని, ఆ ఊళ్ళలో ఒక్కటీ చూడలేదు. అయినా రోజుకు రెండూ మూడూ ఊళ్ళకు రంగేసేదాన్ని.

బాపు మనిషిని ఎదురుగా చూడడు. కాస్త పక్కకు జరిగి, మెడ వంచి, ఎడమ కన్ను చికిలించి చూస్తాడు. ఏళ్ళ తరబడి సన్న తీగలు చూసి అలవాటైన చూపు. మొదటిసారి నన్నలా చూసినప్పుడు నా కమ్మ ఊడిపోయిందేమోనని చెవి తడుముకున్నాను. కాగితం ఇస్తే ముందు వెనకవైపు చూసేవాడు. ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీగా ఉందని అడిగేవాడు. ఆఫీసుకు తాళం వేస్తే మూడుసార్లు గుంజి, తన గుంజుడు మీద నమ్మకం లేక నన్ను గుంజమనేవాడు. ఆదివారం చర్చిలో కూడా తలుపు పక్క చివరి బెంచీ ఆయనది. అదేంది బాపూ అంటే, నమ్మకం దేవుని మీద మాత్రమేనని, మైకు వైర్లు బిగించింది దేవుడు కాదని చెప్పాడు.

మార్కెట్లో ఆయన వస్తుంటే కూరగాయలమ్మే ఆడవాళ్ళు ఒకరికొకరు సైగ చేసుకునేవారు. బెండకాయ కొన విరిచి చూడటం అందరూ చేసేదే. ఈయన వంకాయను కొనకముందే కోసి చూపమనేవాడు. కోసిన వంకాయ ఎవరు కొంటారని వాళ్ళు లొల్లి పెడితే ఆయన దగ్గర జవాబు తయారుగా ఉండేది.

“కొన్నంక కోస్తే పురుగు నాది. కొనకముందల కోస్తే పురుగు నీది. నాకెందుకు నీ పురుగు?”

వాళ్ళు తిట్టుకుంటూనే కోసేవాళ్ళు. పాలకు మూతి కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడని మా సందుల్లో ఉర్దూలో ఒక సామెత అంటారు. ఈయన మంచినీళ్ళు కూడా ఊదుకుని తాగే రకం.

ఆ కాలంలో మాత్రం నాకాయనంటే సరదా లేదు, అనుమానం ఉండేది. పెద్ద కంపెనీవాళ్ళు మా మీద నిఘాకు పెట్టిన మనిషి అనుకున్నాను. నా బల్లమీద కాగితాలు నేను పెట్టినట్టు ఉండేవి కావు. ఆయన అనుమానమేమో నేను సారు చుట్టాన్నని. మీ నాయిన ఏం చేస్తడని ఒకరోజు అడిగాడు. ఉప్పుగూడ రైల్వే స్టేషన్లో పనిచేస్తాడని చెప్పాను. నాలుగు రోజుల తర్వాత మా నాన్న ఇంటికొచ్చి, ఎవరో పెద్దమనిషి స్టేషన్‌కొచ్చి నిజంగా నేనున్నానా లేదా అని చూసుకుని పోయాడు, నీకు సంబంధం గిట్ల చూస్తున్నాడా ఏంది అన్నాడు. మర్నాడు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అది పట్టలేదు. నా మాట నిజమని తేలింది కనుక ఆయన లెక్క ప్రకారం మాకు స్నేహం మొదలైంది.

ఆయన పనిచేసే పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ ఇంటర్నెట్ తీగలో పోయేది వెలుతురు. వెంట్రుకంత గాజు దారం అది. ఒక చివర ఎర్ర లైటు పెన్ను పెట్టి నొక్కితే, తీగ బాగుంటే రెండో చివర ఎర్రగా మెరుస్తుంది. మామూలు జాయింటర్లు అవతలివాడికి ఫోన్ చేసి “వస్తుందా?” అంటారు. అవతలివాడు ఎండలో నిలబడి, ఆకలై, విసిగి ఉంటాడు. “వస్తుంది” అంటాడు. పని అయిపోతుంది. బాపు అట్లా అడగడు. తన ఇష్టమొచ్చినన్నిసార్లు నొక్కి, “ఎన్నిసార్లు మెరిసింది?” అంటాడు. నాలుగని అవతలివాడు చెప్పి, ఆయన నొక్కింది అయిదైతే ఆ రోజు జాయింటు మొత్తం విప్పి మళ్ళీ చేస్తాడు. అవునని జవాబొచ్చే ప్రశ్న ఆయన ఎవరినీ అడగగా నేను వినలేదు. అవునంటే ఎవనికేం పోతది అనేవాడు.

ఒకసారి కొన్ని కాగితాలమీద ముద్రలు అలుక్కుపోతే, మళ్ళీ వేయించుకు రమ్మని సారు నన్ను ఆయనతో జీపులో పంపాడు. అట్లా నేను మొదటిసారి ఒక ఊరు చూశాను. నగరం దాటి రెండున్నర గంటలు. దీని పేరు కూడా రాయను, గుట్ట కింది ఊరు అంటాను. ఆ గుట్టే ఆ ఊరి కష్టం. దాని అడ్డానికి ఫోన్ సిగ్నల్ ఊళ్ళోకి రాదు. సగం గుట్ట ఎక్కితే ఒక చదును బండ ఉంది, అక్కడ కొంచెం వస్తుంది. రేషన్ డీలరు వేలిముద్ర మిషను పట్టుకుని ఆ బండమీద కూర్చుంటాడు. బియ్యం కావాలంటే నెలనెలా ఊరంతా గుట్టెక్కి వేలు పెట్టి, దిగివచ్చి షాపు ముందు నిలబడాలి. మేము వెళ్ళిన రోజు ఒక ముసలమ్మను ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్క పట్టుకుని దించుతున్నారు. మోకాళ్ళు వంగవు. పత్తి ఏరీ ఏరీ వేళ్ళు అరిగిపోయాయి, పైకెక్కాక కూడా మిషను ఆమె వేలు ఆమెది కాదందట. మర్నాడు మళ్ళీ ఎక్కాలి.

తీగ వస్తే మిషను షాపులోనే పెట్టుకోవచ్చు. అది ఊళ్ళో అందరికీ తెలుసు. ముసలమ్మ అరుగుమీద కూలబడి, ఎప్పుడొస్తుందని బాపును అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు వస్తది, వచ్చే నెలకే వస్తది అన్నారు. ఆయన మాత్రం “వచ్చినంక చెప్తనమ్మా” అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి ఒక మాటంది.

“అందరు వస్తది వస్తది అన్నోళ్ళే. నువ్వొక్కనివే వచ్చినంక చెప్తనంటున్నవ్. నువ్వు తెస్తవ్ బిడ్డా.”

ఆయన సంచీ తీసుకుని లేచాడు.

నన్ను పంచాయతీ ఆఫీసులో తీగ చివర దగ్గర కూర్చోబెట్టాడు. ఊళ్ళో ఫోన్లు పనిచేయవు కనుక వాచీ చూసుకుని, పదకొండున్నర నుంచి పావుగంట ఈ చివరనే చూడు, ఎన్నిసార్లు మెరిస్తే అన్ని గీతలు కాగితం మీద గియ్యి అన్నాడు. ఆయన రోడ్డు పక్క గుంత దగ్గరికి వెళ్ళాడు. నేను చూస్తూ కూర్చున్నాను. ఏమీ మెరవలేదు. కాసేపటికి పక్కనున్న క్యాలెండర్ చూశాను. ఆకలేసింది. కళ్ళు మూతపడ్డాయేమో కూడా తెలియదు. ఆయన తిరిగొచ్చి ఎన్నిసార్లు మెరిసిందని అడిగితే ఆరు అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. మెరవలేదంటే నేను సరిగా చూడలేదంటాడేమో, తప్పు నా మీదికొస్తుందేమో అనిపించింది.

“నేను నొక్కనేలే బిడ్డా,” అన్నాడు. “ఆడ తీగనే లేదు. రెండు కిలోమీటర్లు ఉత్త మట్టి తవ్వి మల్ల పూడ్చిండ్రు.”

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. ఆయన కోప్పడలేదు. జీపులో తిరిగి వస్తుంటే, నన్ను ఓదార్చడానికి కాబోలు, తన పనిలోని ముచ్చట ఒకటి చెప్పాడు. తీగ ఒకసారి తెగి, అతికి, పైన తొడుగు వేసిన చోట మళ్ళీ తెగదట. తెగితే ఇంకోచోట తెగుతుందట. మనుషులు కూడా అంతే, ఒకసారి అబద్ధంలో దొరికినవాళ్ళు తర్వాత గట్టిపడతారు, ఇక నీ గురించి నాకు ఫికర్ లేదు అన్నాడు. వంకాయను నమ్మని మనిషి ఆ మాట ఎట్లా నమ్మాడో తెలియదు. ఆయన జీవితంలో చేసిన తప్పు నాకు తెలిసి అదొక్కటే.

తర్వాత నెల సారు చాలా తీయగా తిరగడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం సమోసాలు తెప్పించేవాడు. సారు తెప్పించిన సమోసాను బాపు విరిచి లోపల చూసి పక్కన పెట్టేవాడు. నెలాఖరుకల్లా మనకిచ్చిన ఊళ్ళన్నీ పచ్చబడాలని పైనుంచి ఒత్తిడి. సూపర్‌వైజరు కారులో తిరిగి రెండు రోజుల్లో అయిదు ఊళ్ళ ఫోటోలు తెచ్చాడు. అయిదింట్లోనూ పంచాయతీ బోర్డు, బోర్డు కింద పెట్టె, పెట్టెలో పచ్చ లైటు. వాటిలో గుట్ట కింది ఊరు కూడా ఉంది.

ఆ ఫోటోలు ఎక్కించడానికి కూర్చున్నప్పుడు బాపు నా వెనక నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కటీ తిప్పుతుంటే ఆపమన్నాడు. మెడ వంచి, కన్ను చికిలించి, తెరమీద వేలు పెట్టాడు. పెట్టె మూత మీద పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. మూడో బొట్టు కొంచెం కిందికి కారింది. నేనూ అది ముందే చూశాను. అన్ని ఫోటోల్లోనూ ఉంది. ఊళ్ళల్లో కొత్త వస్తువేదొచ్చినా బొట్టు పెడతారు కదా, పాపం ఎంత మురిసిపోయి ఉంటారో అనుకున్నాను. ఇంకోలా అనుకుంటే పని ఆగుతుంది కనుక అలా అనుకున్నానేమో.

“గీ బొట్టు నాకెరుకే,” అన్నాడు. “మొదటి ఊర్ల పని అయినంక అటెండరమ్మ పెట్టింది. కుంకుమ లోపల పడ్తదని నేనే లొల్లి చేసిన. అయిదు ఊర్లల్ల ఒకటే చెయ్యి పెట్టిందా?”

సంగతేమిటో ఆయనే విప్పి చెప్పాడు. ఈ అయిదింటికన్నా ముందే పని పూర్తయిన మొదటి ఊరి పెట్టెను విప్పి కారులో వేసుకున్నారు. తోడుగా ఇంకో పెట్టె, ఒక బ్యాటరీ. రెంటినీ మూరెడు తీగతో కలిపితే పచ్చ లైటు వెలుగుతుంది. ఆ లైటుకు ఊరిదాకా తీగ వచ్చిందో లేదో తెలియదు. కాబట్టి పెట్టె ఊరూరూ తిరిగి ఫోటో దిగింది. బొట్టు తుడవాలన్న ఆలోచన సూపర్‌వైజరుకు వచ్చి ఉండదు. వచ్చినా, పూజ చేసిన బొట్టు చెరపడానికి చెయ్యి రాలేదేమో.

బాపు సారు గదిలోకి వెళ్ళాడు. అరుపులేమీ వినిపించలేదు. బయటికొచ్చి నా బల్ల దగ్గర ఆగాడు. మిగతా నాలుగు ఊళ్ళకు తీగ వచ్చింది, ఒక్కో జాయింటే బాకీ, రేపో మాపో ఎవరైనా వేస్తారు, వాటికి సంతకం పెట్టాను, దేవుడు వాళ్ళను చూసుకుంటాడు. గుట్ట కింది ఊరికి తీగే లేదు, దాని కాగితం మీద నేను సంతకం పెట్టలేదు, పెట్టను అన్నాడు. సంతకం లేని కాగితం ఎక్కదు, ఎక్కకపోతే ఊరు పసుపుగానే ఉంటుంది, పసుపుగా ఉన్నంతకాలం ఎవరో ఒకరు రావలసిందే. ఆ లెక్క ఆయనకు నాకంటే బాగా తెలుసు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాడు. పెద్దాయనకు కొన్నాళ్ళు రెస్టిద్దాం అని సారు అందరికీ చెప్పాడు.

సాయంత్రం సారు నా దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్దాయన కోపంలో సంతకం మర్చిపోయాడమ్మా, పాత కాగితాల్లోంచి తీసుకుని పెట్టేయ్, తీగ వచ్చే నెల మనమే వేస్తాం, ఇదంతా చిన్న ఫార్మాలిటీ అన్నాడు. ఆ మాటల్లో ఒక్కటీ నేను నమ్మలేదు. నమ్మానని చెప్పుకుంటే ఇవాళ నాకు తేలిగ్గా ఉండేది. నమ్మకుండానే మొదటి ఊరి కాగితంలోంచి బాపు సంతకం కత్తిరించి, గుట్ట కింది ఊరి కాగితం మీద అతికించాను. కంప్యూటర్లో అది రెండు నిమిషాల పని. ఊరు పచ్చబడింది. ఉద్యోగం పోతుందన్న భయం కొంత ఉంది. అంతకన్నా, ఎదురుగా కూర్చుని తీయగా అడిగే మనిషికి కాదని చెప్పడం నాకు చేతకాలేదు.

నెల దాటాక ఒక పొద్దున మార్కెట్లో ఎదురుపడ్డాడు. చేతిలో కోసిన వంకాయలున్నాయి. మా నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. తర్వాత పక్కకు జరగకుండా, మెడ వంచకుండా, ఎదురుగా నిలబడి అడిగాడు.

“ఆ ఊరి కాగితం ఆపినవా?”

“ఆపిన బాపూ.”

తల ఊపి వెళ్ళిపోయాడు. ఎవరినీ అవునూ కాదూ ప్రశ్న అడగని మనిషి నన్ను అడిగాడు. నేను అవునన్నాను. నాకేం పోలేదు.

తర్వాత కొద్ది రోజులకే ఆ ఉద్యోగం మానేసి, ఒక రక్తపరీక్షల సెంటర్లో చేరాను. సారుకు ఇంకో జిల్లాలో పని దొరికిందని విన్నాను. గుట్ట కింది ఊరికి తీగ పడిందా అని ఎవరినీ అడగలేదు. ఎవరైనా చెబుతారేమోనని భయంగా ఉండేది.

ఇక ఆ రోజు వాళ్ళింటికి వస్తాను. ముందుగదిలో ఆయన భార్య ఒక్కతే ఉంది. చుట్టాలు వెనక వంటదగ్గర ఉన్నారు. నేనెవరో చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నువ్వేనా ఆ కంప్యూటర్ పిల్లవు, కూసో అంది. కాసేపు ఆయన జబ్బు గురించి చెప్పింది. తర్వాత లేచి బీరువాలోంచి ఒక కవరు తీసింది. మీ ఆఫీసు సంగతొకటి నాకు సమజ్ కాలేదు, నువ్వు చదువుకున్నదానివి, చెప్పు అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఆఫీసు అనగానే నేను లేచి నిలబడ్డాను.

కవర్లో ఆయన రాసిన అర్జీల నకళ్ళున్నాయి, మూడు. ఫలానా ఊరికి తీగ లేదు, రెండు కిలోమీటర్లు ఉత్త మట్టి, వచ్చి తవ్వి చూడండి అని మూడింట్లోనూ అదే మాట. వాటితోపాటు పై ఆఫీసునుంచి వచ్చిన జవాబు. సదరు గ్రామంలో పని పూర్తయినట్టు మీరే ధ్రువీకరించి సంతకం చేసి ఉన్నారు, నకలు జతపరచడమైనది. కింద జతపరిచింది నేను అతికించిన కాగితం.

ఆ జవాబు వచ్చినప్పటినుంచి ఆయన మారిపోయాడని ఆమె చెప్పింది. కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని ఆ సంతకాన్ని చూస్తూ కూర్చునేవాడట. సంతకం నాదే, ఎప్పుడు పెట్టిన్నో యాదికొస్తలేదు అనేవాడట. నల్లా కట్టేశానో లేదో, గోలీ వేసుకున్నానో లేదో ఆమెనే అడిగేవాడట. పనిముట్ల సంచీ ఎవరికో ఇచ్చేశాడట. ఇక తన చెయ్యి పనికిరాదన్నాడట. వయసు మీదపడి మతిమరుపొచ్చిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

“ఆఫీసోళ్ళు ఎవరన్న చేసిండ్రేమో అని నేనన్న,” అంది ఆమె. “లేదన్నడు. ఆ పిల్ల ఆపిన అని చెప్పింది, అది అబద్ధమాడదు, అంటే దానికన్న ముందుగాలనే నేను పెట్టి మర్చిపోయిన అన్నడు. ఎవ్వర్నీ నమ్మనోడు, ఆఖరికి తన చెయ్యినే నమ్మలే.”

నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ గుట్ట కింది ఊరికి అన్యాయం చేశాననే నా బాధ. ఆయనకు ఏం చేశానో ఆ గదిలో తెలిసింది. ఆ సంతకం ఆయన పెట్టలేదని, నేను పెట్టానని, మార్కెట్లో ఆపానని చెప్పింది అబద్ధమని ఆమెకు చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆ కాగితాన్ని మడిచి కవర్లో పెట్టింది. తర్వాత, మొన్నటిదాకా ఉన్నడు కద, మొన్న వచ్చి చెప్తే ఏమైతుండె అంది. మళ్ళీ తనే, ఆ ఊరికి తీగ వచ్చిందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. కాగితం ఇట్లా ఉన్నంతకాలం ఎవరూ వెళ్ళరని, సంతకం అబద్ధమని ఎవరైనా రాసిస్తే మళ్ళీ చూస్తారని చెప్పాను.

“ఎవరన్న అంటే?”

“నేనే. ఇంటికి పోయి రాస్తనమ్మా. రేపే పంపిస్త.”

ఆమె లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది. బల్లమీద ఉన్న ప్రార్థన పుస్తకాలు పక్కకు జరిపి, తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. ఎదురు కుర్చీలో కూర్చుంది.

“ఆయనంటే నిన్ను నమ్మిండు,” అంది. “నేను నమ్మ. ఈడనే రాయి.”

రాశాను. నేను సంతకం పెట్టేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.